సుందర్ రాజ్ కట్టని పందెం

మల్కాపురంలో సుందర్ రాజ్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. వర్క్‌షాపులో ఫిట్టర్ మేస్త్రీగా పనిచేసిన ఆ మనిషి ఎవరో తెల్లవాడి మాట విని దేవుడి మీద పందెం కట్టాడట. కట్టి ఓడిపోయాడట. ఆ ఉక్రోషంలో వాళ్ళ క్రైస్తవుల గుడి మానేశాడట. దేవుడు ఊరుకుంటాడా, ఛాతీలో జబ్బు పెట్టాడట. చివరికి బుద్ధి తెచ్చుకుని, తప్పయిందని సంఘానికి ఉత్తరం రాసి, మంచం మీదే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకుని, మనశ్శాంతిగా కన్నుమూశాడట. కుళాయి దగ్గర ఈ కథ చెప్పిన ఆడవాళ్ళు "పోన్లే, ఆకరికైనా దారికొచ్చినాడు" అనుకుంటూ బిందెలు ఎత్తుకుంటారు. అదే వరసలో నిలబడ్డ ఆయన కూతురు జయశీల వైపు జాలిగా చూస్తారు. జయశీల తల వంచుకుని తన బిందెను కుళాయి కిందికి జరుపుకుంటుంది.

ఆ తెల్లవాడి పేరు పాస్కల్. మూడు వందల ఏళ్ళ కిందటి ఫ్రాన్సు దేశస్థుడు. ముప్ఫై తొమ్మిదేళ్ళకే పోయాడు. సుందర్ రాజ్‌కి ఆయనతో పరిచయం దేవుడి వల్ల కాలేదు, యంత్రం వల్ల అయింది. డెబ్భై రెండులో పోర్టు రోడ్డు మీది వర్క్‌షాపుకి కొత్త హైడ్రాలిక్ ప్రెస్సు ఒకటి వచ్చింది. దానితో పాటు వచ్చిన పుస్తకంలో సగం పేజీ పాస్కల్ గురించి ఉంది. మూసి ఉన్న గొట్టంలో నూనెని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని ఆయన కనిపెట్టాడని, అందుకే చిటికెన వేలి బలంతో లారీని లేపగలుగుతున్నామని అందులో రాశారు. పక్కనే ఆయన బొమ్మ. పొడుగాటి ముక్కు, భుజాల దాకా జుట్టు. సుందర్ రాజ్ ఆ బొమ్మని కత్తిరించి ప్రెస్సు పైన గోడకి అంటించాడు.

ఆ ఏడు దసరాకి పైడయ్య చేసిన పని వల్ల మొదటి గొడవ వచ్చింది. పైడయ్య అదే వర్క్‌షాపులో వెల్డరు. ఆయుధ పూజ రోజున పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమ పెడుతూ పెడుతూ, చేతిలో కుంకుమ మిగిలిందని పాస్కల్ నుదుటి మీద కూడా ఇంత బొట్టు పెట్టాడు. బంతిపూల దండ వేశాడు.

"ఇదేటి బావా పైడయ్యా! ఆయన మా మతం మడిసిరా" అన్నాడు సుందర్ రాజ్ నవ్వాపుకోలేక.

"అయితేనేటి బావా? పెస్సుకి సూత్రం సెప్పినోడన్నావ్ కదా. దేవుడు కాపోతే పెస్సుకి పెదనాన్న అవుతాడు. బొట్టెడితే కోపమొస్తాదేటి?"

స్టోర్సు గుమాస్తా జ్ఞానశేఖర్ అప్పుడే లోపలికి వచ్చాడు. ఆయన వాళ్ళ గుడిలో సంఘ పెద్ద కూడా. బొమ్మనీ, బొట్టునీ, సుందర్ రాజ్ నవ్వునీ చూసి వెనుదిరిగాడు. మళ్ళీ ఆదివారం గుడి మెట్ల దగ్గర మాత్రం "బ్రదర్, పనిలో విగ్రహం పెట్టుకున్నావంటగా" అని నలుగురూ వినేలా అడిగాడు.

పాస్కల్ గురించి సుందర్ రాజ్‌కి తెలిసిన మిగతా సంగతులన్నీ సీతమ్మధారలో ఉండే శ్రీరామ్మూర్తి మాస్టారి దగ్గర తెలిసినవే. ఆయన ఫిజిక్సు చెప్పి రిటైరయిన లెక్చరరు. ఒకసారి ఆయన పాత కారు జాకీ బాగుచేసి, కూలీ వద్దని, "పాస్కల్ గురించి ఇంకేటైనా ఉంటే సెప్పండి సార్" అని అడిగాడు. మాస్టారు ఆ ప్రశ్నకి మురిసిపోయి అలమారా తెరిచారు. అప్పటి నుంచి నెలకో ఆదివారం మధ్యాహ్నం సుందర్ రాజ్ బస్సెక్కి సీతమ్మధార వెళ్ళేవాడు. మాస్టారు ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో చెప్పేవారు. సాయంత్రం సుందర్ రాజ్ ఇంటికొచ్చి అదంతా జయశీలకి చెప్పేవాడు.

జయశీలకి అది బడి లాంటిది. డెబ్భై ఎనిమిదిలో తల్లి పోయినప్పుడు ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగించే చెయ్యి ఇంకొకటి లేదు. రెండు వారాలు సెలవు పెట్టిన పిల్ల మళ్ళీ బడికి వెళ్ళలేదు. వెళ్తానని తను అడగలేదు, వెళ్ళమని తండ్రీ అనలేకపోయాడు. చేపలు తోముతూ, బియ్యం ఏరుతూ తండ్రి చెప్పేది వినేది. తిరిగి ప్రశ్న వేసేది కాదు గానీ ఒక్క ముక్క పోగొట్టుకునేది కాదు.

"ఆయన సన్న గొట్టంతో నీళ్ళు పోసి పెద్ద పీపా బద్దలు కొట్టీసినాడని ట్రైనింగులో సెప్పినారు కదా. అది జరిగినట్టు సాచ్చికం లేదంటమ్మీ" అన్నాడు ఒకరోజు, సొంత చుట్టం మీద వచ్చిన నింద తీరిపోయినంత సంబరంగా. "ఇంకోటి. దేవుడి మీద మనసు మళ్ళగానే లెక్కలూ సైన్సూ అవతల పారీసినాడని అందరూ అంటారంట. అదీ అబద్దమే. తరవాత కూడా పన్ను నొప్పితో నిద్రపట్టక పెద్ద లెక్కొకటి తేల్చినాడంట. పోయే ముందు పేరిస్ ఊర్లో బీదోళ్ళకి లాభం ఇయ్యాలని సిటీ బండ్లు కూడా నడిపించినాడు. మన సిటీ బస్సు లాటివి, గుర్రాలు లాగీవి."

పందెం సంగతి కూడా మాస్టారు విడమరిచి చెప్పారు. పాస్కల్ దేవుణ్ణి పేకాటలో పెట్టాడని కొందరు, లాభం చూసుకుని నమ్మమన్నాడని కొందరు, లెక్కేసి దేవుణ్ణి రుజువు చేశాననుకున్నాడని కొందరు అంటారట. ఆయన అన్నది ఇవేవీ కాదట. ఎటూ తేల్చుకోలేక కూర్చున్న జూదరి స్నేహితులకి వాళ్ళకి తెలిసిన భాషలో చెప్పాడు, అంతే. బతకడం మొదలుపెట్టాక ఏదో ఒక దారిన నడవక తప్పదు, నడవకుండా ఆగడం కూడా ఒక దారే అని.

ఈ మాట సుందర్ రాజ్ మనసులో నాటుకుపోయింది. డెబ్భై తొమ్మిదిలో గుడి వార్షికోత్సవం రోజున అందరి ముందు నిలబడి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పే వంతు ఆయనకి వచ్చింది. ఆయన ఎప్పుడూ నలుగురిలో మాట్లాడినవాడు కాదు. వర్క్‌షాపు నుంచి జాకీ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ముందు వరస బల్ల కింద పెట్టి, ముగ్గురు పెద్దల్ని దాని మీద కూర్చోబెట్టి, చిన్నపిల్లనొకదాన్ని పిలిచి పిడి నొక్కించాడు. పెద్దలు ముగ్గురూ బల్లతో సహా పైకి లేస్తుంటే గుడంతా నవ్వులు. జ్ఞానశేఖర్ ఒక చేత్తో బల్లనీ, ఇంకో చేత్తో కళ్ళజోడునీ పట్టుకున్నాడు.

నవ్వులు ఆగాక సుందర్ రాజ్ గొంతు సవరించుకున్నాడు. "ఇది కనిపెట్టినాయన మంచి విశ్వాసి అండి. పేకాడే స్నేహితులకి ఆయన ఒక పందెం సంగతి సెప్పినాడు. మనం ఓడ ఇంకా రేవులో కట్టే ఉన్నాదనుకుంటన్నాం. తాడు ఎప్పుడో ఇప్పీసినారు. ఓడల సానల్ కాలువ దాటీసినాం. ఇప్పుడు ఎల్లనా మానీనా అని కూకుంటే ఓడ ఆగదు. అందుకని దేవుడి వైపే పందెం కట్టీమన్నాడు."

ఇంకా చెప్పవలసింది ఉంది గానీ, పందెం అనేసరికి వెనక వరసల్లో గుసగుసలు లేచాయి. ఆయనకి మాట తడబడింది. "వందనాలు" అని దిగిపోయాడు.

అది అక్కడితో పోయేదే. వారం తిరగకుండా రిఫైనరీ గోడ వెనక పేకాడుతూ సంఘం కుర్రవాళ్ళు ముగ్గురు పట్టుబడ్డారు. సంఘ పెద్దల ముందు నిలబెడితే వాళ్ళలో ఒకడు తడుముకోకుండా అన్నాడు: "మమ్మల్నంటారేటండి? పందెం కట్టీమని గుళ్ళో జాకీ ఎట్టి మరీ సెప్పినారు కదా!"

సుందర్ రాజ్‌ని పిలిపించారు. ఆ రోజు జయశీల తండ్రికి తోడుగా వెళ్ళి వరండాలో కూర్చుంది. లోపలి మాటలన్నీ వినబడ్డాయి.

జ్ఞానశేఖర్ చెడ్డవాడు కాడు. ఆయన తమ్ముడు పేకాటలో సర్వం పోగొట్టుకుని ఓడలు తిరిగే కాలువలో దూకాడు. మూడో రోజున శవాన్ని గుర్తుపట్టడానికి వెళ్ళింది జ్ఞానశేఖరే. పందెం అనే మాట వింటే ఆయనకి ఆ నీళ్ళే కనబడతాయి.

"వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి, జూదం గురించి తప్పుగా బోధించాను, క్షమించండి అని చెప్పు బ్రదర్. అంతకంటే ఏమీ అడగం."

"అర్థం కాలేదంటే మళ్ళీ సెప్తానండి. పదిసార్లు సెప్తాను. జూదం బోధించినానని మాత్రం ఎలా సెప్తానండి? నానూ సెప్పలేదు, ఆయనా సెప్పలేదు."

"ఎప్పుడో చచ్చిపోయిన ఫ్రెంచివాడి కోసం ప్రభువు బల్ల వదులుకుంటావా?"

 సుందర్ రాజ్ గొంతు మెల్లగా వినబడింది: "సచ్చిపోయినోడు వచ్చి సెప్పుకోలేడు కదండి."

ఆయన్ని బల్ల నుంచి ఆపేశారు. నెలకో ఆదివారం గుడిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వేళ ఆయన లేచి బయటికి వెళ్ళాలి. అంతకంటే పెద్ద శిక్ష ఇంకొకటి దాని వెనకే ఉంది. బల్లకి దూరంగా ఉండగా చనిపోయినవాళ్ళకి సంఘం సమాధుల తోటలో చోటివ్వరు. జయశీల తల్లి అక్కడే ఉంది. ఆమె పక్కన సుందర్ రాజ్ కోసం వదిలిన చోటు ఉంది.

జనం అనుకున్నట్టు ఆయన గుడి మానలేదు. నాలుగేళ్ళు ప్రతి ఆదివారం చివరి వరసలో కూర్చున్నాడు. బల్ల రోజున మాత్రం సైకిళ్ళు పెట్టే చోటికి వెళ్ళి, టోపీ లేకుండా ఎండలో నిలబడేవాడు. లోపల పాట మొదలయ్యాక పెదవులు కదిపేవాడు. ఆడవాళ్ళ వైపు కిటికీ దగ్గర కూర్చున్న జయశీల అది చూస్తూ ఉండేది. రొట్టె నోట్లో పెట్టుకుంటే మింగుడు పడేది కాదు.

"ఒలమ్మీ, మీ నాన్నకి నువ్వైనా సెప్పు" అని మేనత్త ఆరోగ్యమ్మ ప్రాణం తీసేది. "తప్పయిందని ఒక్క మాట అనీమను. మాటకేటి, గాలికి పోతాది. రేపు మీ అమ్మ ఒకచోట, మీ నాన్న ఒకచోట అయిపోతారే."

జయశీల ఒక్కసారి చెప్పి చూసింది. తండ్రి కసరలేదు. "నువ్వు కూడానా అమ్మీ" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఎనభై మూడు వేసవికి సుందర్ రాజ్ మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయనీ, ఇంటి దగ్గరే ఉంచుకోమనీ పెద్దాసుపత్రిలో చెప్పేశారు. పైడయ్య రోజూ డ్యూటీ దిగాక వచ్చి మంచం పట్టీ మీద కూర్చునేవాడు. "బేగి లెగు బావా, ఆ పెస్సు నా మాట ఇనట్లేదు. నీ పాస్కలయ్యకి దండెట్టినా ఇనట్లేదు" అని నవ్వించబోయేవాడు. నవ్వు దగ్గులోకి దిగేది.

ఒక మధ్యాహ్నం జయశీల గంజి తాగిస్తుంటే సుందర్ రాజ్ పైకప్పు వైపు చూస్తూ అన్నాడు: "పాస్కల్ గారు కూడా ఆకర్న బల్ల అడిగితే ఎంటనే ఇవ్వలేదంటమ్మీ. మాస్టారు సెప్పినారు. నీకంత జబ్బేటి లేదు, తరవాత సూద్దాం అని జాగు సేసినారంట. ఇచ్చినప్పుడు మడిసి ఏడిసీసినాడంట."

చెప్పి నవ్వాడు. ఆ నవ్వు కింద ఉన్నది జయశీలకి కనబడింది. నాలుగేళ్ళుగా నోరు తెరిచి అడగని కోరిక, ఇంకొకరి పేరు పెట్టి అడుగుతున్నాడు.

మర్నాడు ఆమె ట్రంకు పెట్టెలోంచి తొమ్మిదో తరగతి నోటు పుస్తకం తీసింది. వెనక తెల్ల కాగితాలు మిగిలి ఉన్నాయి. తండ్రి మగతలో ఉండగా గుమ్మంలో కూర్చుని రాసింది. నాలుగు వాక్యాలు. జూదం గురించి తప్పుగా బోధించినందుకు సంఘాన్ని క్షమాపణ వేడుకుంటున్నాననీ, తనని మళ్ళీ బల్లలో చేర్చుకోమనీ, ఇట్లు సుందర్ రాజ్ అనీ. తండ్రి పేరు దాకా వచ్చి, ఆ కాగితం చింపి మళ్ళీ రాసింది.

జ్ఞానశేఖర్ తన గుమ్మంలో నిలబడి ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాన్న చెప్తే నువ్వు రాశావామ్మా?"

జయశీల తలూపింది. నోటితో అబద్ధమాడలేదు.

"నేను ఈ రోజు కోసమే ప్రార్థన చేస్తున్నాను తల్లీ. నువ్వు నమ్మవు గానీ, రోజూ చేస్తున్నాను."

ఆదివారం ఆరాధన అవగానే పాస్టరు గారు, జ్ఞానశేఖర్, ఇంకో పెద్ద ఇంటికి వచ్చారు. తెల్ల గుడ్డ కప్పిన పళ్ళెం, చిన్న గిన్నె తెచ్చారు. ఇచ్చేసి వెళ్ళిపోతారనుకుంది జయశీల. పాస్టరు గారు జేబులోంచి ఉత్తరం తీసి, "ఇది ఉదయం సంఘంలో చదివామండి. అందరూ సంతోషించారు" అని, మళ్ళీ ఒకసారి పైకి చదివారు.

వంటగది గుమ్మంలో నిలబడ్డ జయశీల ద్వారబంధం పట్టుకుంది. సుందర్ రాజ్ కాగితం వైపు చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. 

"ఇది మీ ఒప్పుకోలే కదా సుందర్ రాజ్ గారూ?" అని అడిగారు పాస్టరు గారు, అడగవలసిన పద్ధతి కాబట్టి.

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "మా అమ్మాయి రాసిందండి" అన్నాడు.

"అవునవును, చెప్పి రాయించారు. ఇంక మాట్లాడించకండి అయ్యగారూ, ఆయాసం" అన్నాడు జ్ఞానశేఖర్.

పాస్టరు గారు ప్రార్థన చేసి రొట్టె ముక్క ఆయన అరచేతిలో పెట్టారు. జయశీల ఓణీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పుట్టిన దగ్గర్నుంచి అన్నీ చూస్తూ ఉండే పిల్ల, ఆ ఒక్క నిమిషం చూడలేదు. దగ్గు వినబడి తల ఎత్తేసరికి ద్రాక్షరసం సగం దుప్పటి మీద ఒలికి ఉంది. పెద్దలు కళ్ళు మూసుకుని పాట అందుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక దుప్పటి మార్చడానికి మంచం దగ్గరికి వెళ్ళింది. తిడతాడేమో అనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"అమ్మీ."

"ఊఁ."

"ఉత్తరం బాగా రాసినావు. అయ్యగారు చదువుతుంటే ఇన్నాను. ఎక్కడా తడుముకోలేదాయన. దస్తూరీ బాగుంది, తప్పుల్లేవన్నమాట." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "నిన్ను తొమ్మిదిలో ఆపీసినాను సూడు, అదీ నాను సేసిన తప్పు. అది రాయాల్సింది."

మంగళవారం మధ్యాహ్నం సుందర్ రాజ్ పోయాడు. సమాధుల తోటలో భార్య పక్కనే పెట్టారు. జ్ఞానశేఖర్ మొదటి పిడికెడు మట్టి వేసి, అక్కడే కూర్చుని సొంత తమ్ముడు పోయినట్టు ఏడ్చాడు. వారంలోపే మల్కాపురంలో కథ తయారైంది.

నెల పోయాక జయశీల, తండ్రి బొమ్మలు చూడ్డానికి తెచ్చుకున్న మాస్టారి పుస్తకం తిరిగిచ్చేద్దామని సీతమ్మధార వెళ్ళింది. మాస్టారు ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. ఆ వదంతి ఆయన దాకా రాలేదు. పుస్తకం తిరగేస్తూ, సుందర్ రాజ్‌తో మాట్లాడినట్టే ఆమెతోనూ మాట్లాడారు.

"మీ నాన్నకి ఒకటి చెప్పకుండానే మిగిలిపోయిందమ్మా. పాస్కల్ పోయాక, చివరి రోజుల్లో ఆయన తన వాళ్ళతో విభేదించాడనీ, మనసు మార్చుకున్నాడనీ ఒక మాట పుట్టింది. దగ్గరుండి చూసిన మతగురువే అలా రాసిచ్చాడు. కొన్నేళ్ళకి ఆ గురువే, నేను ఆయన మాట తప్పుగా అర్థం చేసుకున్నానని ఒప్పుకున్నాడు. కానీ మొదటి మాట తిరిగినంత దూరం రెండో మాట తిరగలేదు." ఆయన పుస్తకం మూశారు. "మీ నాన్న చివర్లో ఏమైనా అన్నాడా అమ్మా?"

"నా దస్తూరీ బాగుందన్నారండి" అంది జయశీల.

సరిగ్గా విన్నానా అన్నట్టు చూశారాయన. ఆమె లేచి నమస్కారం పెట్టింది.

అటునుంచి అటే జ్ఞానశేఖర్ ఇంటికి వెళ్ళింది. గేటు మీద చెయ్యి వేసింది. ఆ ఉత్తరం నాన్నది కాదు, నాది అని ఒక్క వాక్యం చాలు. కథ మారిపోతుంది. అది చెప్తే ఉత్తరం చెల్లదు. ఉత్తరం చెల్లకపోతే ఆ మట్టిలో తండ్రికి చోటూ చెల్లదు. లోపల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. జయశీల గేటు మీంచి చెయ్యి తీసేసి బస్టాపు వైపు నడిచింది.

ఆమెకి తెలిసింది ఇంకొకటి కూడా ఉంది. అది ఆరోగ్యమ్మత్తకి కూడా చెప్పలేదు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం పరుపు బయట వెయ్యడానికి తీస్తుంటే, తలగడ గలీబులో ఏదో గట్టిగా చేతికి తగిలింది. సుందర్ రాజ్ చేతిరుమాలు, నాలుగు మడతలు పెట్టి ఉంది. లోపల ఎండిన రొట్టె ముక్క.

ఆదివారం నాడు పాస్టరు గారు ఇచ్చిన బల్ల సుందర్ రాజ్ తీసుకోలేదు.